చేప కంటికి రంగు తెలియునా?
కార్ల్ ఫాన్ ఫ్రిష్ జీవితకథ

భాగవతంలోని అవధూత తన గురువుల వరుసలో చేపకు కూడ స్థానమిచ్చినాడు. నాలుకను జయింపలేనివాని గతి ఎట్టిదో గాలానికి చిక్కిన చేపను చూచి ఆయన నేర్చుకొన్నాడట. శబ్దానికి లేడి, స్పర్శకు ఏనుగు, రూపానికి శలభం, గంధానికి తుమ్మెద, రుచికి చేప వశమై నశించునని మన పెద్దలు ఒక్కొక్క ఇంద్రియానికి ఒక్కొక్క ప్రాణిని దృష్టాంతంగా చూపినారు. చెరువుగట్టున గాలం వేసి కూర్చున్నవాడు ఈ మాటను గ్రంథంలో చదివి ఉండకపోవచ్చును. కాని ముల్లుకు వానపామునో, పిండిముద్దనో గుచ్చి, బెండు ఎప్పుడు మునుగునా అని నిరీక్షించేటప్పుడు అతడు నమ్ముకొనేది చేప జిహ్వనే. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల నడుమనున్న హుస్సేన్ సాగర్ మొదలుకొని మారుమూల పల్లెలోని కుంట వరకు గాలపువేటకు పాత ఆధారం ఇదే.

పడమటి దేశాలలో మరొక విధమైన ఎర పుట్టినది. ఈకలతో, కొయ్యతో, లోహంతో, ఆ తర్వాత ప్లాస్టిక్‌తో చేసిన బొమ్మ ఎర అది. దానికి రుచి లేదు, పరిమళం లేదు. ఉన్నదల్లా ఆకారం, కదలిక, రంగు. ఎరుపు, పసుపు, నీలం, వెండివన్నె, అన్నిటిని కలిపిన చిత్రవర్ణాలు అంగళ్లలో వరుసలు తీరి కనిపిస్తవి. ఏ వేళకు ఏ రంగు మంచిదో చెప్పే పెద్దలకు కొదువ లేదు. ఈ రంగులన్నీ చేప కొరకా, లేక చేపను పట్టదలచినవాని కొరకా అన్న సందేహం మాత్రం చాలకాలం తీరలేదు. చేప కంటికి అసలు రంగే తెలియకపోతే ఆ పెట్టెనిండ ఉన్న సింగారమంతా మనిషి తన్ను తాను మురిపించుకొనడమే కదా!

మన కవులు సుందరుల కన్నులను మీనాలతో పోల్చి తృప్తిపడినారు. మీనం కన్ను ఈ లోకాన్ని ఎట్లు చూచునో విచారించినవారు అరుదు. ఆ విచారణకు తన యౌవనాన్ని ధారపోసి, అందువలన ఒక మహావివాదంలో చిక్కుకొని, నిలిచి గెలిచినవాడు కార్ల్ ఫాన్ ఫ్రిష్. తేనెటీగల నాట్యభాషను కనుగొన్నవాడుగా ఆయనను లోకమంతా ఎరుగును. కాని ఆ కీర్తికి పునాదిరాయి పడినది తేనెపట్టు దగ్గర కాదు, చేపల తొట్టి దగ్గర.

ఫ్రిష్ 1886వ సంవత్సరం నవంబరు 20వ తేదీన ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించినాడు. తండ్రి ఆంటన్ శస్త్రవైద్యంలో పేరు గడించినవాడు. తల్లి మేరీ విద్వాంసులకు పుట్టినిల్లయిన ఎక్స్‌నర్ వంశపు ఆడపడుచు. నలుగురు కుమారులలో కార్ల్ కడగొట్టువాడు. వోల్ఫ్‌గాంగ్ సరస్సు ఒడ్డున బ్రున్‌విన్‌కల్ అనేచోట ఒక పాత మరయిల్లును తల్లిదండ్రులు కొని, వేసవి విడిదిగా మార్చుకొన్నారు. కొండలు, నీరు, చెట్లు, పురుగులు, పక్షులు ఆ బాలునికి తొలి పాఠశాలలు. అతడు చిన్ననాట పెంచిన జంతువుల జాతులు నూటికి పైబడినవి. చేపలు, కప్పలు, బల్లులు, సముద్రపు జీవులు అతని గదిలో కాపురముండేవి. అందరికంటె ప్రియమైనది ఒక చిలుక. అది అతని భుజం దిగేది కాదు.

జంతువులను పెంచే పిల్లలు లోకంలో చాలమంది ఉన్నారు. ఈ బాలుని విశేషం వేరు. ఒక జీవి ఎదుట కదలక మెదలక గంటలకొలది కూర్చుండి, అది దేనికి చలించునో, దేనికి చలింపదో కనిపెట్టడం అతని ఆట. ఏమి జరిగినదని చూచేవాని కంటె ఏది మారితే ఏది మారినదని చూచేవాడే శాస్త్రజ్ఞుడగును. ఆ లక్షణం అతనికి సహజంగా అబ్బినది. మేనమామ సిగ్మండ్ ఎక్స్‌నర్ వియన్నా విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రాచార్యుడు, పురుగుల కంటి నిర్మాణాన్ని గూర్చి 1891లో గొప్ప గ్రంథం వెలువరించినవాడు. కన్ను అనే అవయవంపై మేనల్లునికి ఆసక్తి కలగడానికి ఆ సాన్నిధ్యం తోడ్పడినది.

తండ్రి కోరిక ననుసరించి ఫ్రిష్ మొదట వైద్యవిద్యలో చేరినాడు. కాని మనస్సు జంతువుల వెంటనే తిరిగినది. వైద్యం విడిచి మ్యూనిక్ నగరంలో రిచర్డ్ హెర్ట్‌విగ్ అనే ఆచార్యుని దగ్గర జంతుశాస్త్రం అభ్యసించినాడు. తిరిగి వియన్నాకు వచ్చి 1910లో డాక్టరు పట్టం పొందినాడు. ఆయన పరిశోధనకు ఎన్నుకొన్నది మిన్నో అనే చిన్న చేప. మన బొచ్చె, శీలావతి, పరిగెలకు అది దూరపు చుట్టం. యూరపులోని వాగులలో గుంపులుగా తిరిగే ఈ చేపకు ఒక విచిత్రశక్తి ఉన్నది. తెల్లని అడుగుపై నుంచితే ఒళ్లు పాలిపోవును, నల్లని అడుగుపై నల్లబడును. చర్మంలోని రంగుకణాలు విప్పారుట, ముడుచుకొనుట వలన ఈ మార్పు కలుగును. ఫ్రిష్ ఈ కణాలను నడిపే నాడుల మార్గాన్ని వెతికి పట్టినాడు. అంతేకాదు, కన్నులు లేని మిన్నో సైతం నడినెత్తిపై వెలుగు పడగానే ఒళ్లు రంగు మార్చుకొనుట గమనించి, పుర్రెకు లోపల మెదడు పైభాగంలో వెలుతురును గుర్తించే స్థానమొకటి ఉన్నదని నిరూపించినాడు.

ఇదే పనిలో ఆయనకు మరొక సంగతి తోచినది. పసుపుపచ్చని అడుగుపై కొన్ని గంటలున్న మిన్నో తన చర్మంలోని పసుపు, ఎరుపు కణాలను విప్పుకొనుచున్నది. అంతే కాంతిగల బూడిదవన్నె అడుగుపై ఉన్న తోటిచేప ఆ పని చేయుటలేదు. వెలుగు సమానమైనప్పుడు రెండు చేపలకు తేడా ఎట్లు తెలిసినది? రంగు వలన తెలిసి ఉండవలెను. యువకుడైన ఫ్రిష్ ఈ మాటను అచ్చువేయించినాడు. ఆనాటికి అది దుస్సాహసం.

కారణమేమనగా, కార్ల్ ఫాన్ హెస్ అనే సుప్రసిద్ధ నేత్రవైద్యాచార్యుడు చేపలకు, వెన్నెముక లేని సకలజీవులకు రంగులు తెలియవని అప్పటికే సిద్ధాంతీకరించి ఉన్నాడు. ఆయన ప్రయోగం ఇట్లుండెను. చీకటిగదిలో చేపలతొట్టిపై ఇంద్రధనుస్సు వంటి వర్ణపటాన్ని ప్రసరింపజేసినాడు. వెలుతురును కోరే చేపపిల్లలు ఆకుపచ్చకు, పసుపుపచ్చకు నడుమనున్న భాగంలో మూగినవి. ఎరుపు వాటికి చీకటితో సమానమైనది. పుట్టుకతో ఏ రంగూ ఎరుగని మానవునికి కూడ వర్ణపటంలో మిక్కిలి వెలుగుగా తోచేది ఆ భాగమే. కాబట్టి చేప సంపూర్ణ వర్ణాంధమని హెస్ తీర్పు. 1912లో ఆయన మ్యూనిక్ నేత్రవైద్యాలయానికి అధిపతియై వచ్చినాడు. అదే నగరంలో అదే సంవత్సరం ఫ్రిష్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకుని అర్హత పొందినాడు. ఒకవైపు దేశదేశాల పేరు మోసిన ఆచార్యుడు, వేరొకవైపు స్థిరమైన ఉద్యోగమైనా లేని ఇరువదియారేండ్ల యువకుడు. హెస్ వ్రాతలలో యువకునిపై పరుషవాక్యాలకు లోటు లేదు. ఈ వాదంలో ఓడినచో ఫ్రిష్ భవిష్యత్తు మొలకలోనే వాడిపోయి ఉండెడిది.

ఇక్కడి చిక్కును విద్యార్థులు జాగ్రత్తగా గ్రహింపవలెను. రంగులు ఎరుగనివాడు గ్రుడ్డివాడు కాడు. పాతకాలపు నలుపు తెలుపు చలనచిత్రంలో నాయిక చీర పసుపైనా నీలమైనా మనకు ఏదో ఒక బూడిదఛాయగా కనిపించును. అయినను రెండు చీరలకు భేదమున్నదని తెలియును, ఒకటి లేతగా, రెండవది ముదురుగా ఉండును గనుక. అట్లే ఒక చేప పసుపు ఎరను పట్టి నీలపు ఎరను విడిచినంత మాత్రాన దానికి రంగు తెలిసినదని చెప్పరాదు. అది కేవలం వెలుగులోని హెచ్చుతగ్గులను చూచి ఎన్నుకొని ఉండవచ్చును. గాలపు అనుభవం ఎంత ఉన్నా ఈ ప్రశ్నకు సమాధానం రాకపోవడానికి కారణమిదే. గట్టున కూర్చున్నవానికి రంగును వెలుగునుండి విడదీసే ఉపాయం లేదు.

ఫ్రిష్ ఆ ఉపాయాన్ని కనిపెట్టినాడు. అది మిక్కిలి సులువైనది, అందుకే గొప్పది. ఒక రంగుతో ఆహారాన్ని జోడించి మిన్నోలకు కొన్నాళ్లు అలవాటు చేసినాడు. ఆ పిమ్మట ఆహారం లేకుండ ఆ రంగు కాగితాన్ని, దాని పక్కన తెలుపు మొదలు నలుపు వరకు క్రమంగా ముదిరే అనేక బూడిదవన్నె కాగితాలను చూపినాడు. చేప నిజంగా వర్ణాంధమైతే ఆ పసుపు దానికి ఈ బూడిదఛాయలలో ఏదో ఒకదానితో సమానంగా కనిపించి తీరవలెను, అప్పుడది తడబడి తీరవలెను. మిన్నోలు తడబడలేదు. అన్ని బూడిదఛాయలను విడిచి నేర్చుకొన్న రంగునే సమీపించినవి. ఆహారమే లేదు గనుక వాసనకు తావు లేదు. కాగితాల స్థానాలు మార్చిననూ ఫలితం మారలేదు. పసుపును, ఎరుపును ఒక్కొక్కప్పుడు తారుమారు చేసినవి గాని, వాటిని నీలంతోను ఆకుపచ్చతోను పొరబడలేదు.

అయితే హెస్ చూచినది అబద్ధమా? కాదు. ఆయన చూచినది సత్యమే, తీసిన అర్థమే పొరపాటు. వెలుతురు వైపు పరుగెత్తే చేపకు ఆ క్షణాన కావలసినది వెలుగు, రంగు కాదు. తిండిని వెతికే చేపకు రంగుతో పని ఉన్నది. అంతేకాక కంటిలో రెండు విధాల కణాలున్నవి. మసకవెలుతురులో పనిచేసే దండకణాలకు రంగు తెలియదు, పగటి వెలుగులో పనిచేసే శంకుకణాలకు తెలియును. చీకటిగదిలో అడిగినప్పుడు చేప దండకణాలతో జవాబు చెప్పినది. మనుష్యుడైనా వెన్నెలలో గులాబి ఎరుపును గుర్తింపలేడు గదా!

సికింద్రాబాదు వారికి ఇటువంటి కథ క్రొత్తది కాదు. 1895లో ఇచ్చటి దండులో వైద్యుడుగా చేరిన రోనాల్డ్ రాస్ ఎన్నో దోమలను కోసి పరీక్షించినా మలేరియా క్రిమి జాడ దొరకలేదు. దోమలు మలేరియాను మోయవని ఆయన విరమించుకొని ఉంటే ఎవరూ తప్పుపట్టి ఉండరు. 1897 ఆగస్టు 20న మచ్చల రెక్కలుగల మరొక జాతి దోమ కడుపులో ఆ క్రిమి కనిపించినది. తగని దోమను అడిగినంతకాలం వచ్చిన జవాబు లేదు అనే. ప్రకృతి లేదు అన్నప్పుడు ప్రశ్న వేసిన తీరును కూడ శంకింపవలెనని బేగంపేటలో రాస్ కథ, మ్యూనిక్‌లో ఫ్రిష్ కథ ఒకే పాఠం చెప్పుచున్నవి.

హెస్ తేనెటీగలను కూడ వర్ణాంధాల జాబితాలో చేర్చినాడు. ఫ్రిష్‌కు ఇది మరింత వింతగా తోచినది. పూవుల రంగులు పురుగులను పిలవడానికేనని 1793లోనే జర్మను దేశీయుడు స్ప్రెంగెల్ ప్రతిపాదించినాడు, డార్విన్ దానిని బలపరిచినాడు. తేనెటీగకు రంగు తెలియకపోతే వనాలలోని వర్ణవైభవమంతా కవులు వర్ణించుకొనడానికి తప్ప మరెందుకు? ఎర రంగు చేపకా, జాలరికా అన్న ప్రశ్నే ఇక్కడ పూవు రంగు తుమ్మెదకా, కవికా అన్న రూపం ధరించినది. ఫ్రిష్ బ్రున్‌విన్‌కల్‌లో బల్ల వేసి, చదరంగపు గళ్లవలె బూడిదవన్నె అట్టలు పేర్చి, వాటి నడుమ ఒక్క నీలపు అట్టను ఉంచి దానిపై పంచదారనీటి గిన్నె పెట్టినాడు. ఈగలు అలవాటుపడిన తర్వాత క్రొత్త అట్టలు, ఖాళీ గిన్నెలు పెట్టిననూ అవి నీలపు అట్టపైననే మూగినవి. 1914లో ఫ్రైబర్గ్ నగరంలో జరిగిన జర్మను జంతుశాస్త్రజ్ఞుల సభలో ఆయన దీనిని అందరి కన్నుల ఎదుట చేసి చూపినాడు. అయితే ఈగలకు ఎరుపు తెలియదని కూడ ఆయన పరిశోధనలోనే తేలినది. తన పక్షానికి అనుకూలం కాని సత్యాన్ని కూడ ఆయన దాచలేదు. హెస్ మాత్రం 1923లో మరణించేవరకు తన మతం మార్చుకొనలేదు. శాస్త్రలోకం ఫ్రిష్ పక్షాన నిలిచినది.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చినది. కంటి చూపు తక్కువైనందున ఫ్రిష్‌ను సైన్యంలోనికి తీసుకొనలేదు. ఇతరజీవుల దృష్టిని శోధించినవానిని తన దృష్టిలోపమే యుద్ధభూమి నుండి కాపాడినది. అన్నగారు నడిపే ఆసుపత్రిలో చేరి, వ్యాధిక్రిములను పరీక్షించే ప్రయోగశాలను ఏర్పాటు చేసి క్షతగాత్రులకు సేవ చేసినాడు. అక్కడనే దాదిగా పనిచేసిన మార్గరెట్ మోర్‌ను 1917లో వివాహమాడినాడు. ఆ దంపతులకు ముగ్గురు కుమార్తెలు, ఒక కుమారుడు. 1921లో రోస్టాక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి లభించినది.

రోస్టాక్‌లో మరొక వివాదం ఆయన కోసమే కాచుకొని ఉన్నట్లున్నది. చేపలు చెవిటివని అచ్చటి కర్ణవైద్యాచార్యుడు కోర్నర్ నమ్మకం. ఈలలు వేసి, పాటలు పాడించి చూచినా చేప చలింపలేదని ఆయన సాక్ష్యం. ఆ ఈలతో చేపకు ఏమి పని అని ఫ్రిష్ ఆలోచించినాడు. పనిలేని శబ్దానికి ఎవరు తల తిప్పుదురు? జెల్ల వంటి మీసాల చేప నొకదానిని తెచ్చినాడు. దానికి కన్నులు లేవు. ఆహారం వేసే ప్రతిసారి ముందుగా ఈల వేసినాడు. కొన్నాళ్లకు ఉత్త ఈలకే ఆ చేప తన గూటినుండి వెలుపలికి రాసాగినది. వృద్ధుడైన కోర్నర్‌ను పిలిచి చూపినాడు. ఆయన తన కన్నులతో చూచి, తన సిద్ధాంతం తప్పని అంగీకరించినాడు. ఒకే విధమైన ఓటమిని ఒకరు సహింపలేకపోగా వేరొకరు నవ్వుతో స్వీకరించినారు. విద్వత్తుకు వినయం ఎంత అందం తెచ్చునో కోర్నర్ చూపినాడు.

1923లో బ్రెస్లావుకు, 1925లో గురువు హెర్ట్‌విగ్ పీఠానికే వారసుడై మ్యూనిక్‌కు ఫ్రిష్ వచ్చినాడు. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థ ఇచ్చిన ధనంతో అక్కడ నూతన జంతుశాస్త్ర భవనం వెలసినది. 1938లో మిన్నోలపై ప్రచురించిన మరొక పరిశోధన గాలమువారికి నేరుగా సంబంధించినది. గాయపడిన ఒక మిన్నోను గుంపులో విడువగా తక్కినవన్నీ బెదరి పారిపోయినవి. తెగిన చర్మంనుండి వెలువడే ఒక ద్రవ్యం నీటిలో వ్యాపించి తోటిచేపలను హెచ్చరించునని ఆయన తేల్చినాడు. ఇటువంటి శక్తి బొచ్చె వర్గానికి, జెల్ల వర్గానికి చెందిన అనేక జాతులలో ఉన్నట్లు తరువాతివారు కనుగొన్నారు. రంగు ఎంత మంచిదైనా నీటిలో ఆ భయవార్త వ్యాపించినచోట గాలం వ్యర్థమే.

హిట్లరు పాలన ఫ్రిష్‌కు గడ్డుకాలం తెచ్చినది. తల్లివైపు అమ్మమ్మ యూదువంశంలో పుట్టినదని అధికారులు వెలికితీసినారు. యూదులైన సహకారులను ఆదరించినాడన్న నింద కూడ తోడైనది. 1941 జనవరిలో ఆయనను పదవినుండి తొలగించదలచినట్లు ప్రభుత్వం తెలిపినది. వయస్సు యాబదినాలుగు. కట్టిన పరిశోధనాలయం, కూడిన శిష్యులు, ముగియని ప్రయోగాలు ఒక్క ఉత్తరువుతో చేజారే స్థితి. మిత్రులు ఆయన కొరకు పాటుపడినారు. ఇంతలో నోసీమా అనే అంటువ్యాధి జర్మనీలో తేనెటీగలను నాశనం చేయసాగినది. తేనెటీగలు లేకపోతే పండ్లతోటలకు ఫలదీకరణం లేదు. యుద్ధకాలంలో ఆహారపు కొరత రాజ్యానికే ముప్పు. ఈ వ్యాధిని శోధించే పని ఫ్రిష్‌కు అప్పగించి, తొలగింపును యుద్ధం ముగిసేవరకు వాయిదా వేసినారు. ఒకప్పుడు ఆయన తేనెటీగల దృష్టికి కలిగిన అపకీర్తిని తొలగించినాడు. ఆపత్కాలంలో ఆ ఈగలే ఆయన ఉద్యోగాన్ని నిలబెట్టినవి.

1944లో బాంబుల వర్షంలో ఇల్లు, పరిశోధనాలయం ధ్వంసమైనవి. ఫ్రిష్ బ్రున్‌విన్‌కల్ చేరి పని సాగించినాడు. తేనెటీగ పట్టుపై చేసే నాట్యాన్ని ఆయన 1920లలోనే వర్ణించి ఉన్నాడు. గుండ్రని నాట్యం తేనెకు, తోక ఊపే నాట్యం పుప్పొడికి గుర్తులని అప్పట్లో వ్రాసినాడు. 1944, 1945 సంవత్సరాల ప్రయోగాలలో ఆ వ్యాఖ్యానం తప్పని తేలినది. ఆ నాట్యం చెప్పేది ఆహారపు రకాన్ని కాదు, అది ఉన్న దూరాన్ని, దిక్కును. ఇరువదియేండ్లుగా తన పేరుతో చెలామణి అయిన అభిప్రాయాన్ని తానే కొట్టివేసి, ఆ స్థానంలో ఇరువదవ శతాబ్దపు జీవశాస్త్రంలోని మహాద్భుతాలలో ఒకదానిని ఆయన నిలిపినాడు. హెస్ చేయలేని పని ఫ్రిష్ తన విషయంలో చేసినాడు.

యుద్ధానంతరం 1946లో గ్రాజ్ నగరంలో, 1950 నుండి మరల మ్యూనిక్‌లో బోధించి 1958లో విశ్రాంతి పొందినాడు. విజ్ఞానాన్ని సామాన్యులకు తెలిసేటట్లు చెప్పినవారికి యునెస్కో ఇచ్చే కళింగ బహుమానం 1958లో ఆయనకు లభించినది. తెలుగుదేశానికి పొరుగున ఉన్న ఒరిస్సా నాయకుడు బిజూ పట్నాయక్ నెలకొల్పిన బహుమానమది. 1973లో లోరెంజ్, టిన్‌బెర్గెన్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నాడు. 1982 జూన్ 12న మ్యూనిక్‌లో తొంబదియైదవ యేట కన్నుమూసినాడు.

ఇంతకును, ఎర రంగు చేప కొరకా, మనిషి కొరకా? ఫ్రిష్ జీవితం ఇచ్చే సమాధానం రెండు మెట్లుగలది. చేపకు రంగు తెలియునా అన్నది మొదటి మెట్టు. తెలియునని ఆయన నిరూపించినాడు. ఆయన తర్వాతివారు ఇంకను లోతుకు పోయినారు. మనిషి కంటిలో శంకుకణాలు మూడు విధాలు కాగా, మిన్నో బంధువర్గంలోని పలుచేపలకు నాలుగు విధాలున్నవి. మనకు కానరాని అతినీలలోహిత కాంతిని సైతం అవి చూడగలవు. కాబట్టి మన కంటికి ఒకేవిధంగా ఉన్న రెండు ఎరలు చేప కంటికి వేర్వేరుగా ఉండవచ్చును. మనకు వేర్వేరైనవి దానికి ఒకటే కావచ్చును.

చూచిన రంగును బట్టి చేప ఎరను పట్టునా అన్నది రెండవ మెట్టు. ఇక్కడ నీరు అడ్డుపడును. తేటనీటిలో దిగినకొలది ఎరుపు మొదట హరించును, నీలం చాలలోతు వరకు పోవును. ఉపరితలాన కుంకుమవలె మెరిసే ఎర కొన్ని బారల లోతున నల్లని వస్తువు మాత్రమే. నాచుతో పచ్చబారిన చెరువులో నీలం త్వరగా నశించి ఆకుపచ్చ, పసుపుపచ్చలు మిగులును. బురదనీటిలో ఏ రంగుకూ ఎక్కువ దూరం ఆయువు లేదు. జాలరులు మెచ్చే సంజవేళ ముదిరినకొలది చేప కంటిలోను దండకణాలదే రాజ్యం. అప్పుడు రంగు కంటె ఎర నీడ, కదలిక, నీటిలో అది పుట్టించే చలనం ముఖ్యమగును. చేప మరచే జీవి కూడ కాదు. 1970లో నెదర్లాండ్స్‌లో ప్రకటితమైన ప్రయోగాలలో ఒకసారి గాలానికి చిక్కి విడుదలైన కార్పు చేపలు ఆపై గాలానికి అంత సులభంగా చిక్కలేదు. ఫ్రిష్ ఆహారంతో నేర్పిన పాఠాన్ని గాలపు ముల్లు నొప్పితో నేర్పును.

కాబట్టి అంగడిలోని రంగులు కొంత చేప కొరకు, చాలవరకు కొనేవాని కొరకు. పగటివేళ, తేటనీట, పైభాగాన రంగుకు విలువ ఉన్నది. లోతున, బురదలో, మసకచీకటిలో ఆ విలువ తరుగును. ఇంత చిన్న జవాబు కొరకు ఒక మేధావి తన ఉద్యోగభవిష్యత్తును పణంగా ఒడ్డవలెనా అని కొందరికి తోచవచ్చును. ఆయన ఒడ్డినది ఎర రంగు కొరకు కాదు. మన కంటితో ఇతరుల లోకాన్ని తీర్పు చెప్పరాదనే ధర్మం కొరకు. నోరులేని జీవిని ప్రశ్నించేటప్పుడు అది జవాబు చెప్పగల భాషలో అడుగవలెను. అడిగిన తర్వాత అది చెప్పినదానికి తలవంచవలెను. పాఠశాలలో ఉపాధ్యాయుడు వేసిన ప్రశ్నకు పిల్లవాడు మౌనంగా నిలిచినప్పుడు కూడ ఇది జ్ఞాపకముంచుకొనదగిన మాట. వానికి తెలియదని వ్రాసుకొనేముందు ప్రశ్నను మరొక విధంగా అడిగి చూడవలెను. కోర్నర్ ఎదుట ఈలకు వెలుపలికి వచ్చిన ఆ గ్రుడ్డి చేప ఎన్నడూ చెవిటిది కాదు. దానికి తగిన కారణంతో పిలిచినవాడే అంతవరకు లేడు.